కూర్చుంటే కునుకు, పడుకుంటే మెలకువ – నా ఓపికంతా ఎటు పోతోంది?

సింగరాయకొండ_టీచర్
నాకు 41 ఏళ్ళు. ఒంగోలులో కాపురం, సింగరాయకొండ దగ్గర ఒక ఊళ్ళో బడిలో ఉద్యోగం. తెల్లారి నాలుగున్నరకి లేస్తాను. వంట, పిల్లల క్యారేజీలు, పక్షవాతంతో మంచం పట్టిన మా అత్తగారికి స్నానం, టిఫిను, మందులు. ఏడున్నరకి బస్సు. బడిలో పాఠాలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఫోన్లో ఫోటోలు ఎక్కించడాలు. సాయంత్రం తిరుగు బస్సెక్కేసరికి తడిబట్ట పిండినట్టు ఒంట్లో ఏమీ మిగలదు. ఇంటికొచ్చాక పిల్లలు ఏదైనా అడిగితే అరుస్తున్నాను. అరిచాక నాకే ఏడుపొస్తోంది.

తోటి టీచర్ చెబితే ధ్యానం యాప్ వేసుకున్నాను. పొద్దున్నే ఇరవై నిమిషాలు. కళ్ళు మూసిన ఐదో నిమిషంలో కునుకు పడుతుంది. రాత్రి పడుకుంటే మాత్రం రేపు కూర ఏం చేయాలి, అత్తగారి మాత్రలు ఉన్నాయా, పెద్దవాడి ఫీజు ఎప్పుడు కట్టాలి అని ఒంటిగంట దాకా మెలకువే. ధ్యానం కూడా చేతకాలేదనే బాధ ఇప్పుడు కొత్తగా తోడైంది. ఇట్లా ఎవరికైనా అయిందా? పోయిన ఓపిక తిరిగి రావాలంటే ఏం చేయాలి?

కావలి_నైట్‌షిఫ్ట్
ధ్యానంలో నిద్రొస్తే మీ తప్పేమీ కాదక్కా. ఒంటికి నిద్ర బాకీ ఉంది, దొరికిన చోట వసూలు చేసుకుంటోంది. ఒంటిగంటకి పడుకుని నాలుగున్నరకి లేస్తే మూడున్నర గంటలే. పెద్దవాళ్ళకి కనీసం ఏడు గంటలు కావాలి.

ఒంగోలు_గిత్త
పొద్దున ఐదింటికి గ్రౌండులో నడవండి మేడం. నాకు షుగర్ తగ్గింది, హుషారు వచ్చింది.

మొలగొలుకులు
గిత్త గారూ, ఆవిడ ఐదింటికి పొయ్యి దగ్గర ఉంటారు. గ్రౌండుకి ఎవరిని పంపమంటారు?

ఒంగోలు_గిత్త
నిజమేనమ్మా. సరిగ్గా చదవకుండా రాశాను.

పొదిలి_పెద్దాయన
మా రోజుల్లో తెల్లారకముందే పొలానికి వెళ్ళి పొద్దుగూకాక వచ్చేవాళ్ళం. ఓపిక లేదనే మాట ఎవరి నోటా వినలేదు. ఇప్పుడు ఫోన్లు ఎక్కువయ్యాయి, మనసు నిలవడం లేదు. ఫోన్ పక్కన పెడితే సగం రోగం పోతుంది.

మొలగొలుకులు
పెద్దాయనా, ఫోను సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆ రోజుల్లో మీ ఇంట్లో ఆడవాళ్ళకి ఓపిక ఉందో లేదో మీరు అడిగారా? అడగకపోతే వాళ్ళు చెప్పరు కదా.

చెరువుగట్టు
టీచర్ గారూ, మాకు ఇందుకూరుపేట వైపు నాలుగెకరాల రొయ్యల చెరువు ఉంది. మీరు రాసింది చదువుతుంటే నాకు మా చెరువే కనపడింది. పగలు ఎండ ఉన్నంతసేపు నీళ్ళలో నాచు ఆక్సిజన్ తయారు చేస్తుంది. చీకటి పడితే తయారీ ఆగుతుంది, వాడకం ఆగదు. రొయ్య పీలుస్తుంది, నాచు కూడా పీలుస్తుంది, అడుగున మిగిలిన మేత కుళ్ళుతూ ఇంకొంత లాగేస్తుంది. అందుకే తెల్లవారుజామున డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, అన్నిటికంటే కిందికి దిగుతుంది. నాలుగు పీపీఎం దాటి కిందికి పోతే మాకు గుండె దడ. రొయ్యలు పైకి తేలాక నీళ్ళు చిలికి గాలి ఎక్కించే ఏరేటర్ వేసి ఏం లాభం, అవి తేలకముందే తిప్పాలి.

మీరు సాయంత్రం నాలుగున్నరకి తేలుతున్నారు. ఏరేటర్ మాత్రం పొద్దున నాలుగున్నరకి వేస్తున్నారు. ఆ ఇరవై నిమిషాలు పొద్దున నిద్రపోండి. మధ్యాహ్నం పిల్లలు అన్నం తిన్నాక రెండు నిమిషాలు, బస్సులో ఐదు నిమిషాలు, ఇంటి గడప తొక్కేముందు ఒక్క నిమిషం తీసుకోండి. డీవో పడకముందే కొంచెం కొంచెం ఎక్కించినట్టు.

సింగరాయకొండ_టీచర్
చెరువుగట్టు అన్నా, ఇది చదివి బస్సులోనే కళ్ళు తుడుచుకున్నాను. ఆ రెండు నిమిషాల్లో ఏం చేయాలి?

గుండ్లకమ్మ_ఒడ్డు
నేను చెప్తాను. మాది దొనకొండ దగ్గర. చందవరంలో గుండ్లకమ్మ ఒడ్డున కొండ మీద దాదాపు రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధ స్తూపం ఉంది కదా, చిన్నప్పుడు అక్కడ ఆడుకున్నాం గానీ అదేమిటో తెలియదు. పెద్దయ్యాక నాగార్జునసాగర్‌లో విపశ్యన ధ్యానం పది రోజుల శిబిరానికి వెళ్ళాను. ఫీజు లేదు, ముందు నేర్చుకున్నవాళ్ళు ఇచ్చే విరాళాలతో నడుస్తుంది. ఫోను ఇచ్చేయాలి, మాట్లాడకూడదు, తెల్లారి నాలుగింటికి గంట కొడతారు. మొదటి మూడు రోజులు చేసేదంతా ఒకటే, ముక్కు దగ్గర ఊపిరి వస్తూ పోతూ ఉంటే గమనించడం. దాన్నే ఆనాపాన అంటారు.

మీకు పది రోజులు కుదరదు. బస్సులో కూర్చుని నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసుకోండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. వదిలే ఊపిరి పొడుగైతే గుండె వేగం నెమ్మదిస్తుంది. ఆలోచనలు వస్తాయి, రానివ్వండి. వచ్చిందని గమనించి మళ్ళీ ఊపిరి దగ్గరికి రండి. వందసార్లు పోయినా వందసార్లు వెనక్కి వస్తే అదే ధ్యానం. మనసు పోవడం ఓటమి కాదు.

చీమకుర్తి_రాయి
అందరూ ఊపిరి ఊపిరి అంటున్నారు. నేను గ్రానైట్ క్వారీలో మెషీన్ నడుపుతాను. పోయినేడు ఎవరో చెబితే కళ్ళు మూసుకుని ఊపిరి మీద దృష్టి పెట్టాను. ఊపిరాడనట్టయి చెమటలు పట్టాయి. ఇంకోసారి చేస్తే మళ్ళీ అంతే. అందరికీ పనికొస్తుందని చెప్పకండి.

గుండ్లకమ్మ_ఒడ్డు
మీరు చెప్పింది నిజం అన్నా, కొందరికి అట్లా అవుతుంది. నేను ముందే చెప్పి ఉండాల్సింది. ఊపిరి వదిలేయండి. కళ్ళు తెరిచే ఉంచండి. అరికాళ్ళు నేలకి ఎక్కడ ఆనుతున్నాయో చూడండి, లేదా చుట్టూ వినపడే శబ్దాలు ఒక్కొక్కటే వినండి. అదీ వద్దనిపిస్తే లేచి నడవండి. బలవంతంగా కూర్చోకండి.

నెల్లూరు_సిస్టర్
నేను 16 ఏళ్ళుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. మీరంతా మంచి మాటలే చెప్పారు గానీ ఒక పని ముందు జరగాలి. టీచర్ గారూ, మీరు ముందు రక్తపరీక్ష చేయించుకోండి. హీమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12, షుగర్. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే ఇద్దరిలో ఒకరి కంటే ఎక్కువ. ఆడవాళ్ళకి హీమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత కిందే లెక్క. ఆక్సిజన్ మోసే రక్తమే తక్కువైతే ఎంత ధ్యానం చేసినా ఒంటికి ఓపిక ఎక్కడినుంచి వస్తుంది?

మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? జుట్టు ఊడుతోందా? పచ్చి బియ్యం నమలాలనిపిస్తోందా? నెలసరి ఎక్కువగా అవుతోందా?

సింగరాయకొండ_టీచర్
సిస్టర్, బియ్యం సంగతి మీకెట్లా తెలిసింది? అన్నానికి కడిగేటప్పుడు గుప్పెడు నోట్లో వేసుకుంటాను. అలవాటే అనుకున్నాను. ఏడాది నుంచి నెలసరి కూడా ఎక్కువే. వయసు వల్ల అని ఎవరికీ చెప్పలేదు.

నెల్లూరు_సిస్టర్
ఈ వారమే వెళ్ళండి. వాయిదా వేయొద్దు.

కావలి_నైట్‌షిఫ్ట్
నాదొక సొంత అనుభవం. అమెరికా కంపెనీ పని, రాత్రి ఏడు నుంచి తెల్లారి నాలుగు దాకా, కావలిలో ఇంటి నుంచే చేస్తాను. నిద్ర ఆపుకోవడానికి రాత్రి రెండింటికి కాఫీ తాగేవాడిని. ఐదారు గంటల తర్వాత కూడా కాఫీలో మత్తు వదిలించే గుణం సగం ఒంట్లోనే ఉంటుందని తర్వాత తెలిసింది. అంటే ఏడింటికి పడుకుంటే సగం కాఫీతోనే పడుకున్నట్టు. పన్నెండు దాటాక కాఫీ మానేశాను. కిటికీకి మందపాటి దుప్పటి కట్టాను. పదిరోజుల్లో తేడా తెలిసింది.

యాప్‌లో రోజూ చేస్తే వరుసగా ఎన్ని రోజులైందో చూపిస్తుంది. నాకు 140 రోజులు దాటింది. అది చూసుకుంటే మానబుద్ధి కాదు.

గుండ్లకమ్మ_ఒడ్డు
ఆ లెక్కతో నాకు పేచీ ఉంది తమ్ముడూ. ఒకరోజు తప్పితే అన్నీ పోయాయని మళ్ళీ టెన్షన్. విశ్రాంతికి కూడా మార్కులు వేస్తే అది ఇంకో పరీక్ష అవుతుంది.

కావలి_నైట్‌షిఫ్ట్
నాకు పనిచేసింది, అందుకే చెప్పాను. లెక్క లేకపోతే నేను మూడో రోజే మానేసేవాడిని.

మొలగొలుకులు
ఇద్దరూ ఆగండి. నేనొక మాట చెప్పాలి. పైనుంచి చదువుతున్నాను. ఊపిరి, నడక, కాఫీ, యాప్, అన్నీ ఆవిడే చేయాలి. ఇప్పటికే పద్దెనిమిది గంటలు పనిచేస్తున్న మనిషికి మనమంతా కలిసి ఇంకో ఐదు పనులు అప్పజెప్పాం. టీచర్ గారూ, మీరు రాసినదాంట్లో మీవారు ఎక్కడా లేరు. తప్పుగా అనుకోకండి, అడుగుతున్నాను. అత్తగారికి స్నానం ఎవరు చేయించాలి? ఆమె ఎవరి తల్లి?

మా అమ్మకి కీళ్ళవాతం. ఆమెని నేనూ మా అన్నయ్యా వారం విడిచి వారం చూస్తున్నాం. మొదట్లో వాడికి చీర కట్టడం రాలేదు. నైటీ వేయడం నేర్చుకున్నాడు. అమ్మకీ సిగ్గు పోయింది. నాకు ఓపిక తిరిగొచ్చింది ఆ వారం నుంచే, ఏ ధ్యానం వల్లా కాదు.

కావలి_నైట్‌షిఫ్ట్
అక్కా, మీ మాట సబబే. కానీ ఇల్లు మారేదాకా మనిషి ఆగలేరు కదా. బస్సులో ఐదు నిమిషాలు ఎవరినీ అడగాల్సిన పనిలేదు. ఆ మాత్రం తన చేతుల్లో ఉంటే అడిగే ధైర్యం కూడా వస్తుందని నా నమ్మకం.

మొలగొలుకులు
ధైర్యం వస్తే సంతోషమే తమ్ముడూ. ఓర్చుకునే శక్తి పెరిగి అక్కడే ఆగిపోతారేమోననే నా భయం.

చెరువుగట్టు
మొలగొలుకులు గారి మాట నాకు తగిలింది. నేను ముందు చెప్పనిది ఇప్పుడు చెప్తాను. రెండేళ్ళు గట్టు మీదే పడుకున్నాను. మంచం ఉంది, దోమతెర ఉంది, చల్లగాలి ఉంది. కానీ చెవి ఏరేటర్ మోటారు మీదే. శబ్దం ఆగితే లేచేవాడిని, ఆగకపోయినా ఆగిందేమోనని లేచేవాడిని. కరెంటు పోతే జనరేటర్ వేయడానికి పదినిమిషాలు ఆలస్యమైనా నష్టం లక్షల్లో ఉంటుంది. ఒకసారి పెళ్ళికని నెల్లూరులో చుట్టాలింట్లో పడుకున్నాను. అక్కడ మోటారు లేదు, అయినా మూడింటికి లేచి కూర్చున్నాను. పడుకోవడం వేరు, కాపలా దిగడం వేరు అని అప్పుడు అర్థమైంది.

మా నాన్నకి చెప్పడానికి నామోషీ. చివరికి ఒకరోజు జ్వరంతో పడిపోతే ఆయనే అన్నాడు, రాత్రి విడిచి రాత్రి నేను ఉంటాలేరా అని. ఆయనకి 63. మొదటి రెండు రాత్రులు నేను ఇంటి నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాను. మూడోసారి, మళ్ళీ చేశావంటే ఎత్తను అన్నాడు. ఆ రాత్రే నాకు నిద్రపట్టింది.

పొదిలి_పెద్దాయన
చెరువుగట్టు అబ్బాయి చెప్పినది పొగాకు రైతుకి బాగా తెలుసు. బ్యారన్‌లో, అంటే సెగ మీద పొగాకు ఎండబెట్టే గదిలో, ఆకు పెట్టాక ఐదారు రోజులు మంట ఆరకూడదు. మొదట సన్న సెగ మీద ఆకు పసుపెక్కాలి. తొందరపడి సెగ పెంచితే పచ్చిగానే ఎండి వేలంలో ధర పలకదు. అందుకని రాత్రంతా థర్మామీటర్ చూస్తూ ఉండాలి. మేమిద్దరం అన్నదమ్ములం సగం రాత్రి నేను, సగం రాత్రి తమ్ముడు. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

మొలగొలుకులు అమ్మాయి అడిగిన మాట మీద రెండు రోజులు ఆలోచించాను. మా ఆవిడ పోయి ఆరేళ్ళయింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక వసారాలో చాప వేసుకుని అరగంట పడుకునేది. ఆ అరగంట ఆమెని ఎవరూ లేపకూడదని మా అమ్మ కట్టుబాటు పెట్టింది. చుట్టాలొచ్చినా సరే. అది మా అమ్మ ఆమెకిచ్చిన ఓపిక అని నాకిప్పుడు అర్థమవుతోంది. నేను మాత్రం ఎప్పుడూ అడగలేదు. ముందు రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మొలగొలుకులు
పెద్దాయనా, మీ అమ్మగారికి దండం. మీకు కూడా.

మైపాడు_కెరటం
ఇంత బరువు మాటల మధ్య నాదొక చిన్న సంగతి. జాన్ కబాట్-జిన్ అనే ఆయన 1979లో అమెరికాలో మసాచుసెట్స్ వైద్య కళాశాలలో నొప్పులు తగ్గని రోగుల కోసం ధ్యానం తరగతులు పెట్టాడు. అందులో మొదట చేయించేది ఒక ఎండుద్రాక్షని చూసి, వాసన చూసి, నెమ్మదిగా నమలడం. తినేటప్పుడు తినడం మీదే ధ్యాస. నేను రోజూ పొద్దున టీ అట్లా తాగుతున్నాను, మూడు గుక్కలు మాత్రమే. మిగతాది మామూలుగానే.

ఒంగోలు_గిత్త
మన నెల్లూరోళ్ళకి ఎండుద్రాక్ష ఎందుకు? ముళ్ళ చేప పులుసు తినేటప్పుడు ఫోను చూసేవాడిని ఒక్కడిని చూపించండి. అంతకంటే ఏకాగ్రత ఎక్కడుంది!

చెరువుగట్టు
గిత్తన్నా, ఒంగోలు నుంచి వచ్చి మా పులుసు గురించి ఇంత కరెక్టుగా చెప్పావు. ఒకసారి ఇంటికి రా. పుల్ల మామిడికాయ వేసి, ముందురోజు రాత్రి వండించి పెడతా.

చీమకుర్తి_రాయి
అరికాళ్ళ సంగతి చేసి చూశాను. మెషీన్ ఆపాక బూట్లు విప్పి మట్టి మీద నిలబడుతున్నాను. దడ రాలేదు. కానీ ఒక మాట ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ పేరు తెలియదు కాబట్టి రాస్తున్నాను. ఒక్కోరోజు పొద్దున లేవకుండా ఉంటే బాగుండు అనిపిస్తోంది.

నెల్లూరు_సిస్టర్
తమ్ముడూ, రాసినందుకు సంతోషం. దీన్ని ఓపిక తగ్గడం అనుకుని వదిలేయకండి. 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అని మానసిక ఆరోగ్య సాయం కోసం 2022లో ప్రభుత్వం పెట్టింది, డబ్బు కట్టనక్కర్లేదు, రాత్రి పగలు ఎప్పుడైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఈ రాత్రి ఒంటరిగా ఉండకండి, ఇంట్లో ఎవరికైనా ఈ మాట చెప్పండి. ఆ ఆలోచన గట్టిపడుతుంటే దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి వెళ్ళిపోండి. చేశాక ఇక్కడ ఒక్క మాట రాయండి, నేను చూస్తూ ఉంటాను.

పొదిలి_పెద్దాయన
బాబూ, చీమకుర్తి మాకు ఎంతో దూరం కాదు. నీకు మాట్లాడాలనిపిస్తే వేదికలో నాకు విడిగా రాయి. వినడానికి నాకు బోలెడు తీరిక ఉంది.

చీమకుర్తి_రాయి
చేశాను సిస్టర్. నలభై నిమిషాలు మాట్లాడారు. మా ఆవిడకి కూడా చెప్పాను. సోమవారం డాక్టర్ దగ్గరికి ఇద్దరం వెళ్తున్నాం. పెద్దాయనా, రాస్తాను.

సింగరాయకొండ_టీచర్
మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్తాను. హీమోగ్లోబిన్ 8.6 వచ్చింది. రిపోర్టు చూసి డాక్టరమ్మ, ఇన్నాళ్ళు ఎట్లా నడిచారమ్మా అన్నారు. ఐరన్ మాత్రలు రాశారు, నెలసరి గురించి స్కానింగ్ చేయించారు, దానికి వేరే మందులు ఇచ్చారు. మాత్రతో పాటు టీ తాగొద్దు, నిమ్మకాయ నీళ్ళు తాగండి అన్నారు. కొన్ని నెలలు వాడాలట. అందరూ మునగాకు, తోటకూర అంటారు, తింటున్నాను, కానీ ఇంత తగ్గాక ఆకుకూర ఒక్కటే చాలదని చెప్పారు.

ఆ రిపోర్టు మావారి ముందు పెట్టి మొలగొలుకులు గారి ప్రశ్నే అడిగాను. వారం రోజులు మాటల్లేవు. తర్వాత ఒకరోజు పొద్దున లేచేసరికి అత్తగారికి ఆయనే పళ్ళు తోమిస్తున్నారు. స్నానం ఇప్పటికీ నేనే, టిఫిను, మందులు ఆయన. నేను ఐదున్నరకి లేస్తున్నాను. ఒక గంట పెరిగింది.

బస్సెక్కాక టంగుటూరు టోల్‌గేట్ దాటేదాకా ఫోను సంచిలోంచి తీయను. నాలుగు, ఆరు లెక్కపెడతాను. సగం రోజులు కునుకు పడుతుంది, పడనిస్తున్నాను. రేపటి పనులు రాత్రి ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటిస్తున్నాను, అవి తలలో తిరగడం కొంచెం తగ్గింది. పిల్లల మీద అరవడం మానలేదు, పోయిన వారం రెండుసార్లు అరిచాను. మొన్న ఆదివారం పిల్లల్ని తీసుకుని కొత్తపట్నం బీచ్‌కి వెళ్ళాం. వాళ్ళు ఆడుకుంటుంటే ఇసుకలో ఒక గంట ఊరికే కూర్చున్నాను. చాలా ఏళ్ళ తర్వాత.

నెల్లూరు_సిస్టర్
8.6తో ఆ పనంతా చేశారా తల్లీ! మాత్రలు హీమోగ్లోబిన్ పెరిగిందని మధ్యలో ఆపొద్దు. డాక్టరమ్మ చెప్పినన్ని నెలలూ వాడాలి. మలం నల్లగా వస్తే భయపడొద్దు, మాత్ర వల్లే.

మొలగొలుకులు
స్నానం కూడా వారంలో రెండు రోజులు ఆయనకి అప్పజెప్పండి. నేర్చుకుంటారు.

సింగరాయకొండ_టీచర్
అడుగుతాను. ఈసారి వారం రోజుల మౌనానికి భయపడను.

చెరువుగట్టు
ఇవాళ రాత్రి గట్టు మీద మా నాన్న వంతు. ఫోను ఆపేసి పడుకుంటున్నా. గిత్తన్నా, శనివారం రాత్రికి మామిడికాయ కోసి పెట్టమన్నాను, ఆదివారం మధ్యాహ్నానికి వచ్చెయ్.